వినేవారికి లాగిన్

ఇకమీదట పాఠకుడు గ్రంథాలయానికి రానక్కర లేదనీ, గ్రంథాలయమే పాఠకుడి చేతిలోకి వస్తుందనీ గౌరవ మంత్రివర్యులు జిల్లా సభలో ప్రకటించారు. ఆ చేతిని ఒకసారి పైకెత్తి చూపవలసిందిగా సభికులను కోరారు. అందరూ ఎత్తారు. పథకానికి ప్రజామోదం లభించినట్లు మినిట్స్‌లో నమోదైంది.

ఆ ఆమోదం తాలూకు ఫలితం పది రోజులకే ఖానాపూర్ అవతల ఒక చిన్న మండల గ్రంథాలయానికి చేరింది. జిల్లా డిజిటల్ అధికారి భానుప్రసాద్ స్వయంగా వచ్చి, గ్రంథపాలకుడు ఫజలుద్దీన్‌కు ఒక ట్యాబ్, ఒక యాప్, గోడకు అంటించే క్యూఆర్ కోడ్ అందజేశారు. నెలకు ఐదు వందల లాగిన్లు రాకపోతే గదిని వేరే పనికి కేటాయిస్తారు. ఇది కాగితరహిత పథకం గనుక ఒకటో తారీఖు నుంచి పత్రికలు బంద్.

ఫజలుద్దీన్ పందొమ్మిదేళ్ళుగా ఆ గది తాళం తీసి వేస్తున్నవాడు. రోజూ రెండింటికి ఇరవైమంది బీడీలు చుట్టే ఆడవాళ్ళు చాటలతో వచ్చి గోడవార కూర్చుంటారు. పదో తరగతి చదివిన మంజుల పత్రిక పైకి చదువుతుంది. తక్కినవారి చేతులకు తీరిక లేదు, చెవులకు ఉంది. ఊళ్ళో వాళ్ళు పని చేసుకుంటూ చల్లగా కూర్చోగలిగిన చోటు అదొక్కటే. అతని రిజిస్టరులో ఆ ఇరవై ఒక్కరూ పాఠకులే, కొందరివి వేలిముద్రలైనా సరే.

యాప్ ఆ సంప్రదాయాన్ని అంగీకరించలేదు. తొలిరోజు గడప బయట నిలబడి కోడ్ స్కాన్ చేసిన మంజులను మాత్రమే లెక్కించి, ‘పాఠకులు: 1’ అని చూపింది.

ఫజలుద్దీన్ రోడ్డు మీదికి వచ్చి అధికారికి ఫోన్ చేశాడు.

“సార్, వినెటోళ్ళకు ఆప్షన్ లేదా?”

“వినుడు యాక్టివిటీ కిందికి రాదండి. ఎవలి ఫోన్ల వాళ్ళు ఓపెన్ జెయ్యాలె.”

అందరికీ ఖాతాలు తెరవాలంటే ఓటీపీ రావాలి. ఆ గదివి మూరెడు మందం రాతిగోడలు. ఇంతకాలం ఎండను రానివ్వని ఆ గోడలు ఓటీపీని కూడా రానివ్వలేదు. సిగ్నల్ దొరికేది ఎదురుగా ఉన్న నాగరాజు చాయ్ హోటల్ రేకుల కిందనే.

“పోదాం పాండ్రి,” అన్నాడు ఫజలుద్దీన్.

అందరిలోకి పెద్దది శంకరవ్వ. చాట ఎత్తుకుంటూ అడిగింది. “ఏం బిడ్డా, లైబ్రరీ నిలవెట్టనీకె లైబ్రరీలకెల్లి ఎల్లిపోవాల్నా?”

“గంతే అవ్వా. జర ఓర్సుకో.”

“నాకు సదువు రాదు గద. ఫోన్ల ఏం జూడాలె?”

“ఏం జూడకు. తెరిచి పక్కన వెట్టు. సదివినట్టే లెక్క.”

“గింత అల్కగని ఎర్కుంటె చిన్నప్పుడే డిగ్రీ జేద్దును.”

ఒకటో తారీఖు నుంచి ఇరవై ఒక్కరూ రేకుల కిందే కూర్చున్నారు. ఫోన్లలో యాప్ తెరిచి చాటల పక్కన పెట్టి, హోటల్‌కు వచ్చే పత్రికను మంజుల చదవగా విన్నారు. నెల తిరిగేసరికి లాగిన్లు ఐదు వందల ఎనభై ఎనిమిది. జిల్లాలో ప్రథమ స్థానం.

భానుప్రసాద్ శాలువాతో వచ్చారు. డ్యాష్‌బోర్డులోని మ్యాపు చూపించారు. ఎర్రచుక్కలన్నీ హోటల్ మీదే ఉన్నాయి.

“చూసిండ్రా ఫజలుద్దీన్ గారూ? మంత్రిగారు చెప్పింది మీరు చేసి చూపెట్టిండ్రు. నెలంత ఒక్కరు గూడ లైబ్రరీకి రాలే.”

“గది ఉంటదని గద సార్, గిదంత జేసింది.”

“వచ్చెటోళ్ళే లేరు. ఇగ గదితోని ఏం పని?”

శాలువా కప్పిన చేత్తోనే ఉత్తర్వు కూడా అందించారు. ఆ గదిని డిజిటల్ పఠన పర్యవేక్షణ కేంద్రానికి కేటాయించారు. కేంద్రానికి బాధ్యులు భానుప్రసాద్; సహాయకుడు ఫజలుద్దీన్.

సోమవారం కేంద్రం ప్రారంభమైంది. కొత్త కంప్యూటర్ తెరమీద ఒక చిన్న వలయం పొద్దుటి నుంచీ తిరుగుతూనే ఉంది. ఒంటిగంటన్నరకు భానుప్రసాద్ పైకప్పు దూలాలను రెండోసారి లెక్కపెట్టడం ముగించారు.

“ఏదన్న పేపర్ ఉంటే ఇయ్యుండ్రి. టైం పోతలేదు.”

“పేపర్ బంద్ సార్, ఒకటో తారీఖు నుంచి.”

“మరి యాడ దొరుకుతది?”

“ఎదురుంగ హోటల్ల. రెండింటికి మంజుల సదువుతది.”

భానుప్రసాద్ గడియారం చూసుకున్నారు. రెండు కావస్తుండగా తన కుర్చీ తానే మోసుకుని రోడ్డు దాటారు. శంకరవ్వ చాట జరిపి చోటిచ్చింది.

“ఫోన్ తెరిచి పక్కన వెట్టు బిడ్డా,” అన్నది. “ఉట్టిగ వింటె లెక్కల రాదు.”