ఆసక్తి లేని తండ్రి

సీటు అనేది కూర్చోవడానికి పుట్టిన వస్తువు కాదు, చేతులు మారడానికి పుట్టినది. కాలేజీలో పదిహేనేళ్లుగా ఈ సత్యాన్ని బోధిస్తున్న అర్థశాస్త్రం మాస్టారికి (పిల్లలు పెట్టిన పేరు గిరాకీ మాస్టారు) దాన్ని సొంత ఖర్చుతో నిరూపించే భాగ్యం కలిగింది.

ఆయన కూతురి బడిలో నాటకం. పిల్లది చెప్పాల్సింది ఒక్కటే మాట: "తలుపు తియ్యండి, బయట ఎవరో ఉన్నారు." అమ్మానాన్నలకు మూడో వరసలో చెరో టికెట్ ఇచ్చారు.

"నాన్నా, నువ్వు పన్నెండో సీట్లోనే కూర్చో. నీ మొహం కనబడకపోతే నేను మాట మర్చిపోతా," అంది.

"అలాగే తల్లీ," అన్నాడు మాస్టారు. అప్పటికి ఆయన మనసులో ఏ పాపమూ లేదు.

టికెట్ల వ్యవహారమంతా బడివాళ్లు ఒక యాప్‌కి అప్పగించారు. అందులో 'తిరిగి అమ్ము' అనే మీట ఉంది. పాఠంలో ఉదాహరణకి పనికొస్తుందని మాస్టారు ఊరికే నొక్కి, ధర ఎంత పలుకుతోందో పెళ్లాం ఫోన్లోంచి చూశాడు. కాసేపాగి మళ్లీ, మళ్లీ మళ్లీ చూశాడు. యాప్ ఏడో నిబంధన ప్రకారం 'ధర చూచుట కొనగోరుటగా పరిగణించబడును'. సాయంత్రానికి ధర నాలుగింతలైంది. పదిహేడు మంది ఈ సీటుపై కన్నేశారని యాప్ హెచ్చరించింది. (ఆ పదిహేడు మందీ ఆయనేనని తర్వాత యాప్ కంపెనీ గిరాకీ నిర్ధారణ ఉపసంచాలకులు వినయంగా ధ్రువీకరించారు.)

"ఏమండీ, అది సీటా, బంగారమా?" అంది భార్య.

"మార్కెట్ మాట్లాడుతోందే."

"మాట్లాడనివ్వండి. మీరు మాత్రం నోరు మూసుకుని అందులో కూర్చోండి."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. మాస్టారు చాలా చదివాడు. ఇది అమ్మేసి, చవగ్గా వెనక వరసలో కొనుక్కుంటే నాటకమూ దక్కుతుంది, లాభమూ మిగులుతుందని లెక్క వేసి అమ్మేశాడు. ఎవరో నిజంగానే కొన్నారు.

వెనక వరస కొనబోతే యాప్ ఒప్పుకోలేదు. నాటకం రోజున ఆయన హాలు గుమ్మం దగ్గరున్న ఉద్యోగిని కారణం అడిగాడు.

"సార్, టికెట్ అమ్మినవాళ్లు కార్యక్రమం మీద ఆసక్తి లేనివాళ్లుగా నమోదవుతారు. మీరు ఆసక్తి లేని తండ్రి కింద ఉన్నారు."

"లేదు బాబూ, నాకు చాలా ఆసక్తి."

"రుజువేమైనా ఉందా సార్?"

మాస్టారు జేబులు తడుముకున్నాడు. రుజువు అమ్మేసినట్టు గుర్తొచ్చింది. భార్య ఆయన వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. గంట తర్వాత, మూసిన తలుపు అవతల నుంచి సన్నటి గొంతు వినబడింది. "తలుపు తియ్యండి, బయట ఎవరో ఉన్నారు." ఎవరూ తియ్యలేదు. నాటకంలో అలా రాసి లేదు కాబోలు.

ఇంటికి నడిచి వస్తుంటే మాస్టారే ఆగలేక అడిగాడు. "నేను కనబడకపోయినా మాట మర్చిపోలేదే తల్లీ?"

"నీ సీట్లో ఉన్నాయన్ని చూసి చెప్పేశా నాన్నా. చాలా మంచాయన. ఒక్కసారి కూడా ఫోన్ చూడలేదు."