ఏడో కిటికీ దగ్గరి బాలుడు

పెద్ద వరద వచ్చిన అరవై మూడో ఏట, కొత్త చట్టం వల్ల, సినిమాల్లోని పిల్లలందరికీ సంపూర్ణ రక్షణ కలిగింది. ఆ పిల్లల్లో నేనొకణ్ణి. నాకు డెబ్బై రెండేళ్ళు.

వరద తీసిన వారానికి మా వీధికి సినిమావాళ్ళు వచ్చారు. (బురద ఊరికే దొరుకుతుందని వచ్చారట.) ఏడుగురు పిల్లల్నీ ఒక మేకనూ పెట్టి పదకొండు నిమిషాల నవ్వుల చిత్రం తీశారు. పిల్లలం తోపుడు బండిని ఫైరింజను చేసుకుని, సిగరెట్టు తాగుతున్న దర్జీని ఆర్పేస్తాం. అంతే కథ. మా దళానికి నాయకురాలు మా అక్క, పదకొండేళ్ళది. నా పని నీళ్ళ తొట్టిలో పడడం.

బొమ్మ హాల్లో ఆడిన రెండు రోజులూ అక్కకు తట్టు. చూడలేదు. తక్కిన ఐదుగురూ ఈ అరవై మూడేళ్ళలో ఒక్కొక్కరే పైకి వెళ్ళిపోయారు. మేక అందరికంటే ముందు వెళ్ళింది. ఇప్పుడు అక్క చూపు పోతోంది. కళ్ళ డాక్టరు రెండు నెలలన్నాడు.

"చిన్నప్పటి ఫొటోలన్నీ వరదలో పోయాయి," అంది అక్క. "చూపు ఉండగా నా మొహం ఒక్కసారి చూసుకోనీరా."

ఆ బొమ్మకు మిగిలిన ఒక్క రీలు పాత చిత్రాల భద్రతా కార్యాలయంలో ఉంది. వెళ్ళాను. నాది మూడు తరగతుల చదువు. (దరఖాస్తుకు అది ఎక్కువే.) మూడో కిటికీలో గుమాస్తా అమ్మాయి కాగితం చూసింది.

"ఇందులో పిల్లలున్నారా తాతగారూ?"

"ఉన్నాం."

"అయితే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. అమ్మానాన్నల్ని తీసుకురండి."

"పోయారమ్మా."

"ఇద్దరూనా?"

"ఇద్దరూ."

ఆ అమ్మాయి మనసున్న మనిషి. "అయ్యో," అని కాగితం మీద ఒక ముద్ర కొట్టింది. "మీరు దిక్కులేని పిల్లల కిందికి వస్తారు. ఏడో కిటికీ."

ఏడో కిటికీలో బాలల క్షేమాధికారి ఉంటాడు. మా చిన్నల్లుడి వయసు. నన్ను పొట్టి కుర్చీలో కూర్చోబెట్టి, రెండు బిస్కెట్లు ఇచ్చి, తినేదాకా ఆగాడు. (ఆకలితో ఉన్న బిడ్డను ప్రశ్నించరాదు: నిబంధన పద్నాలుగు.)

"ఏమీ అనుకోకండి, బాబూ అనే పిలవాలి," అన్నాడు. "బాబూ, నిన్ను ఎవరైనా తొట్టిలోకి తోశారా?"

"మా అక్క."

"ఎన్నిసార్లు?"

"నాలుగు."

సినిమా కోసం తోసిందని ఇంకో మాట చెప్పవలసింది. అడగలేదు కదా అని ఊరుకున్నాను. ఆయన అంతా రాసుకుని, సంతకం పెట్టించుకుని, నా తల నిమిరాడు.

ఇంటికి వచ్చి అక్కతో చెప్పాను.

"నా మీద కేసు పెట్టొచ్చావన్నమాట," అంది. "నోరు విప్పితే విప్పావు గానీ, సరిగ్గా నన్ను ముంచేంత విప్పావు. ఆ రోజు తొట్టిలోనే ఉంచేయాల్సింది నిన్ను."

విచారణ సంఘం గురువారం గురువారం కూర్చుంటుంది. ఏడు గురువారాలు కూర్చుంది. ఏడో వారం తీర్పు వచ్చింది. బిడ్డకు హాని చేసిన వ్యక్తికి ఆ బిడ్డ ముఖం చూపరాదు. అయితే హాని చేసిన వ్యక్తి కూడా అప్పట్లో బిడ్డే కనుక, ఆమెకూ రక్షణ ఉంది. కనుక ఆమె ముఖాన్ని కూడా ఆమెకు చూపరాదు. తక్కిన ఐదుగురి సమ్మతి అందలేదు కనుక వారి ముఖాలూ మసక చేయవలెను. ఈ లోపాలు సవరించి చిత్రాన్ని ఆనందంగా ప్రదర్శించవచ్చును.

అక్కకు వారం రోజుల చూపు మిగిలి ఉండగా ప్రదర్శన జరిగింది. ఒక గది, ఒక బల్ల, తెల్లగోడ. అక్క ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కళ్ళద్దాలు మూడుసార్లు తుడుచుకుంది. తీర్పు సంగతి ఆమెతో చెప్పలేదు. చెప్పాలనే అనుకున్నాను.

బండి వచ్చింది. బండి చుట్టూ, భుజాల మీద ముఖాలకు బదులు ఏడు మసకలు పరిగెత్తాయి. ఒక మసక ఇంకో మసకను తొట్టిలోకి తోసింది. అక్క అద్దాలు తీసి మళ్ళీ తుడుచుకుంది.

"మేక బాగానే కనిపిస్తోందిరా. దర్జీ మీసం కూడా కనిపిస్తోంది. పిల్లల మొహాలే ఆనడం లేదు. ఇదేం జబ్బు?"

నేను మేకను చూస్తూ కూర్చున్నాను.

"నువ్వెవరివి ఇందులో?"

"పడేవాణ్ణి."

"నేను?"

"తోసేదానివి."

ముందుకు వంగి గోడకేసి చాలాసేపు చూసింది. బొమ్మ అయిపోయి గోడ తెల్లబడ్డాక కూడా చూసింది.

"డాక్టరు లెక్క తప్పాడు," అంది. "కళ్ళు వారం ముందే పోయినట్టున్నాయి."

మర్నాడు పొద్దున తొమ్మిదింటికల్లా ఏడో కిటికీకి వెళ్ళాను. ప్రదర్శన అయ్యాక బాలుడు ఒక కాగితం నింపాలట. అందులో ఒకటే ప్రశ్న: చూసినవారిలో ఎవరైనా పిల్లల్ని గుర్తుపట్టారా?

లేదు అని రాశాను. అధికారి చదువుకుని, చాలా సంతోషమన్నాడు.