మా కొళాయి చెప్పే కెమిస్ట్రీ

మా మలికిపురం పక్క ఊళ్ళలో పిల్లలకి కెమిస్ట్రీ ట్యూషన్ పెట్టించడం శుద్ధ దండగ! కొళాయి తిప్పితే చాలు, పాఠం దానంతటదే వచ్చి బిందెలో పడుతుంది.

నవ్వకండి. ఊరి చుట్టూ రొయ్యల చెరువులు తవ్విన దగ్గర్నుంచి మా బోర్లలో నీళ్ళు ఉప్పనయ్యాయి. అందరూ దీన్ని కష్టమంటున్నారు. నేను వరమంటాను! పట్నాల్లో ఒక బడికి ఒక ల్యాబు ఉంటే గొప్ప. మాకు ఇంటింటికీ ల్యాబే!

ద్రావణం అంటే ఏమిటి? మా వీధిలో ఎవరినడిగినా బిందె చూపిస్తారు. నీరు ఆవిరైపోతే ఏం మిగులుతుంది? మా స్నానాల గదికి రండి, బకెట్టుకి తెల్లగా పెచ్చు కట్టి ఉంటుంది. ఇక తుప్పు సంగతంటారా? కిందటేడు కొన్న మోటారు ఈ ఏడు చెయ్యి తగిలితే పొడి రాలుతోంది. సబ్బు అరగదీసినా నురగ రాని నీటిని కఠిన జలమంటారని పక్కింటి ముత్యాలు బడి మొహం చూడకుండానే చెప్పగలదు.

కందిపప్పు పొద్దున్న పొయ్యెక్కితే మధ్యాహ్నానికీ పలుకు వదలదు. మా ఆవిడ పార్వతికి పరిశోధన మీద బొత్తిగా గౌరవం లేదు.

“ఏవండీ, ఈ నీళ్ళతో నా వల్ల కాదండీ! రెండు బొండాలు దింపించండి, ఆ నీళ్ళు పోసి ఉడకేస్తాను” అంటుంది.

కొబ్బరినీళ్ళతో పప్పు వండుకునే మహారాజులు ఇంకెక్కడైనా ఉన్నారా?

మొన్న మా జగ్గారావు బావగారు వచ్చి, ఇచ్చిన గ్లాసుడు పసప్పచ్చటి మంచినీళ్ళు తాగి, “టీ బాగానే ఉందండి గానీ, ఉప్పేసేరేంటండీ?” అన్నారు.

ఇంత చదువు ఇంట్లోనే ఉండగా మా అమ్మాయి లక్ష్మీతులసికి ఏం లోటు? ఏడో తరగతి, క్లాసులో ఫస్టు. మొన్నటి పరీక్షలో ‘నీటి ధర్మములు వ్రాయుము’ అని నాలుగు మార్కుల ప్రశ్న వచ్చింది. మా పిల్ల పక్కదాని పేపరు చూసి రాయలేదు, మా కొళాయిని చూసి రాసింది.

“నీరు పసుపు రంగులో ఉండును. ఉప్పగా ఉండును. మురుగు వాసన వచ్చును. పప్పును ఉడకనివ్వదు.”

మెర్సీ టీచరుగారు ఎర్రసిరాతో సున్నా చుట్టారు. ఫస్టు ర్యాంకు పోయిందని పిల్ల అన్నం ముట్టలేదు. నాకు ఒళ్ళు మండింది. కళ్ళారా చూసి రాసిన సత్యానికి సున్నానా?

మర్నాడు సీసాడు నీళ్ళు పట్టుకుని బడికి వెళ్ళాను.

“మా పిల్ల రాసిందాంట్లో తప్పేదో చూపించండి టీచరుగారూ!”

ఆవిడ సీసాని వెలుతురుకి పెట్టి చూశారు. మూత తీసి వాసన పట్టారు. ఒక చుక్క నాలిక మీద వేసుకుని మొహం చిట్లించారు.

“ఆయ్, నిజమేనండి. మా ఇంట్లోనూ ఇవేనండి. కానీ పేపరు దిద్దేటప్పుడు పుస్తకంలో నీళ్ళకే మార్కులెయ్యాలండి. ఏం చెయ్యమంటారు?”

సీసాకి మూత పెట్టుకుని తిరిగొచ్చాను.

ఇప్పుడు మా లక్ష్మీతులసి రోజూ కొళాయి కింద బిందె పెట్టి, పచ్చటి నీళ్ళు నిండేదాకా కళ్ళు గట్టిగా మూసుకుని వల్లె వేస్తోంది: “నీటికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు.”

పెద్ద పరీక్షలలోగా ఆ ముక్కలు దానికి నోటికి వచ్చేస్తాయి. ఆ నీళ్ళు మా కొళాయికి ఎప్పుడొస్తాయో, కెమిస్ట్రీ తెలిసిన పెద్దలెవరైనా కాస్త చెప్పండి బాబూ!