పన్నెండు రౌండ్ల పుట్టినరోజు కానుక

పుట్టినరోజుకి ఇస్త్రీపెట్టె కొనమంటే సూపర్‌కారు టిక్కెట్టు తెచ్చిన మొగుడిని ఏమనాలో తెలియక, టైలరమ్మ మొదట నోట్లోని గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టింది. అవి నోట్లో ఉండగా మాట్లాడితే ప్రమాదం. ఎవరికన్నది తరవాతి సంగతి.

"ఇదేమిటండీ?"

"సూపర్‌కారు! రోడ్డు మీద కాదు, అచ్చంగా పందేలు జరిగే ట్రాక్ మీద మన చేత్తో మనమే నడపొచ్చు. దంపతుల టిక్కెట్టు. నీకు ఆరు రౌండ్లు, నాకు ఆరు రౌండ్లు."

"మరి నా ఇస్త్రీపెట్టె?"

"ఇస్త్రీపెట్టె గంటకి మూడొందల కిలోమీటర్లు పోతుందా?"

టైలరమ్మ సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

ఆయన డ్రైవింగు స్కూలు మాస్టారు. పందొమ్మిదేళ్ళ సర్వీసు. శిష్యులు చాటుగా 'నలభై మాస్టారు' అంటారు. స్కూలు కారు ముల్లు నలభై దాటిందంటే ఆయన ప్రాణం గిలగిలలాడుతుంది. పక్క సీటు ముందు ఆయన కోసం విడిగా బిగించిన బ్రేకు ఒకటుంది. నేర్చుకునేవాళ్ళు ఏం తొక్కినా, తొక్కకపోయినా, దాన్ని మాత్రం ఆయన తొక్కుతూనే ఉంటారు. అయినా సరే, తన ప్రతిభంతా ఆ నలభై కింద పడి నలిగిపోతోందనీ, తగిన కారూ ఖాళీ దారీ దొరికితే లోకం నోరు వెళ్ళబెట్టాల్సిందేననీ ఆయనకి గట్టి నమ్మకం.

అంత ప్రతిభకి ఆరు రౌండ్లు ఏ మూలకి? ఆయనకి పన్నెండూ కావాలి. అందుకే దంపతుల టిక్కెట్టు.

భార్యకి లైసెన్సు ఉంది, కానీ ఆ కార్డు బీరువాలో చీరల కింద పడుకుని చాలా కాలమైంది. పన్నెండేళ్ళ కిందట మాస్టారే ఆవిడకి నాలుగు రోజులు నేర్పి, అయిదోరోజు "నీకు రోడ్డు సెన్సు లేదు" అని తీర్పిచ్చారు. ఆవిడ పట్టుదలగా వేరే స్కూల్లో చేరి లైసెన్సు తెచ్చుకుంది గానీ, ఇంట్లో కారు తాళం ఆవిడ చేతికి ఎప్పుడొచ్చింది గనక! అలాంటి మనిషిని కాస్త భయపెడితే మొదటి రౌండులోనే దిగిపోతుంది. మిగతా అయిదూ మాస్టారివి. మరికాస్త భయపెడితే అసలు ఎక్కనే ఎక్కదు.

ఆ సాయంత్రమే ట్రాక్ ఆఫీసుకి ఫోన్ చేసి, గొంతు తగ్గించి అడిగారు. "మా ఆవిడ కొంచెం సుకుమారం లెండి. ఒకరు మధ్యలో దిగిపోతే, మిగిలిన రౌండ్లు రెండోవాళ్ళకి ఇస్తారా?"

"ముందుగా ఇద్దరూ రాసి సంతకాలు పెడితే ఇస్తాం సర్," అంది రిసెప్షన్ అమ్మాయి.

మాస్టారు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేశారు. టైలరమ్మ కాగితం రెండుసార్లు చదివి సంతకం పెట్టింది. ఇంత తేలిగ్గా పని జరిగిపోయినందుకు మాస్టారికి ఆవిడ మీద జాలి కూడా వేసింది.

మర్నాటి నుంచి ఇంట్లో తర్ఫీదు. భోజనాల కుర్చీ కారు, స్టీలు పళ్ళెం స్టీరింగు. 'ట్రాక్ మీద పూర్తి ఆనందం పొందడం ఎలా' అని ఇంటర్నెట్టులో దొరికిన పాఠం ఒకటి అచ్చు తీయించి తెచ్చారు. ఆయన చేతులు పళ్ళెం మీద ఉన్నాయి గనక చదివే పని ఆవిడది. మోటారు మిషను మీద కుడుతూనే చదివింది.

"'మలుపు రాకముందే బ్రేకు వెయ్యాలి. మలుపులో వెయ్యకూడదు.' ఎందుకండీ?"

"అదో పెద్ద శాస్త్రం. నీకు చెప్పినా ఎక్కదు. తరవాతది చదువు."

"'చూపు బండి ముందు కాదు, మలుపు చివర ఉండాలి.' అవును మరి, సూదినే చూస్తూ కూర్చుంటే కుట్టు వంకర పోతుంది."

"కుట్టుకీ కారుకీ ముడిపెట్టకు!"

"'పక్కన కూర్చున్న శిక్షకుడు చెప్పినట్టు నడపాలి.'"

"అది నాలాంటి వాళ్ళకి కాదు. వదిలెయ్."

ఆవిడ వదల్లేదు. పెన్సిలుతో దాని కింద గీత గీసింది.

పాఠం అయ్యాక భయపెట్టే కార్యక్రమం. "స్పీడందుకుందంటే తల వెనక్కి లాగేస్తుంది తెలుసా? చెవులు గింగురుమంటాయి. కళ్ళు బైర్లు కమ్ముతాయి. కడుపులో దేవేస్తుంది. ఆడా మగా లేదు, గుండె ధైర్యం ఉండాలి."

"అలాగా," అంటూ టైలరమ్మ దారం కొరికింది.

"మోకాళ్ళు వణుకుతాయి కూడానూ!"

"పాపం," అంది ఆవిడ. ఎవరి గురించో ఆయన అడగలేదు.

అనుకున్న ఆదివారం రానే వచ్చింది. ట్రాక్ దగ్గర ఎర్ర టోపీ పెట్టుకున్న శిక్షకుడు ఎదురొచ్చి, హెల్మెట్లిచ్చి, ఎవరు ముందని అడిగాడు. మాస్టారు మర్యాదగా భార్య వైపు చెయ్యి చూపించారు.

"అయ్యో, మీరుండగా నేనా! మీరు నడుపుతుంటే చూసి నేర్చుకుంటాను," అంది ఆవిడ.

ఇంత గౌరవం దక్కాక ఏ మగాడు వెనక్కి తగ్గుతాడు? మాస్టారు పసుపుపచ్చ కారులోకి దూరారు. సీటు సర్దుకున్నారు, అద్దాలు సర్దుకున్నారు, బెల్టు లాగి చూసుకున్నారు. ఖాళీ ట్రాక్ మీదకి వచ్చే ముందు ఆగి, కుడివైపు, ఎడమవైపు, మళ్ళీ కుడివైపు చూశారు. ఆపైన ఇండికేటరు వేశారు.

"సర్, ఇక్కడ మనం తప్ప ఎవరూ లేరు," అన్నాడు ఎర్రటోపీ.

"అలవాటు ముఖ్యమండీ."

మొదటి రౌండు మొత్తం ముల్లు నలభై దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. ప్రతి మలుపుకీ ఇండికేటరు. ట్రాక్ ఊడ్చే బండి మనిషి పక్కన నిలబడి చేతి గడియారం చూసుకున్నాడు. రెండో రౌండులో మాస్టారు గుండె రాయి చేసుకుని యాక్సిలరేటరు తొక్కారు. యాభై రాగానే కాలు తనంతట తానే బ్రేకు మీదకి పోయింది. మళ్ళీ తొక్కారు, మళ్ళీ పోయింది. కారు ఎక్కిళ్ళు పట్టినట్టు ముందుకీ వెనక్కీ ఊగింది.

మూడో రౌండులో, తిన్నటి దారి వచ్చిన చోట, ఎర్రటోపీ ఓపిక చచ్చిపోయింది. "బ్రేకు మీంచి కాలు తీసి తొక్కండి సర్, తొక్కండి!" అని అరిచాడు. ఆ అరుపుకి మాస్టారు కళ్ళు మూసుకుని తొక్కారు.

తల వెనక్కి లాగేసింది. చెవులు గింగురుమన్నాయి. ఆయన భార్యకి చెప్పినవన్నీ ఒక్కటీ తప్పకుండా జరిగాయి, ఆ వరసలోనే జరిగాయి.

ఆ రౌండు ముగిసి కారు ఆగాక మాస్టారు దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డారు. "మంచినీళ్ళు తాగి వస్తా."

"దిగితే అయిపోయినట్టే సర్," అంది రిసెప్షన్ అమ్మాయి, ముత్యాల్లాంటి అక్షరాలున్న కాగితం చేత్తో పట్టుకుని. "మీకు మిగిలిన మూడు రౌండ్లూ మేడమ్‌కి. మొత్తం తొమ్మిది."

టైలరమ్మ చెప్పులు విడిచి పలచని బూట్లు వేసుకుంది. పాఠంలో రాసి ఉంది మరి. మొదటి రౌండు మెల్లగా దారి చూసుకుంది. రెండో రౌండు నుంచి ఎర్రటోపీ "ఇప్పుడు బ్రేకు" అంటే బ్రేకు, "ఇప్పుడు వదలండి" అంటే వదిలింది. పాతికేళ్ళుగా మోటారు మిషను పెడలు మీద ఆడిన పాదం అది. ఎక్కడ బరువు తగ్గించాలో, ఎక్కడ మళ్ళీ పెంచాలో దానికి ఒకరు చెప్పక్కర్లేదు. అయిదో రౌండుకి ఎర్రటోపీ చెప్పడం మానేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఇంతకుముందు ఎక్కడ నడిపారు మేడమ్?"

"గౌన్ల మెడల మీదండీ. మెడ వంపు చక్కగా తిరగాలంటే ముందే నెమ్మదించాలి, మధ్యలో ఆగకూడదు."

గ్యాలరీలో జనం లేచి నిలబడ్డారు. బోర్డు మీద ఆ రోజు అందరి సమయాల్లో ఆవిడది మూడో స్థానం. నీళ్ళసీసా పట్టుకుని నిలబడ్డ మాస్టారికి ముందు కడుపు మండింది, తరవాత ఛాతీ పొంగింది, ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండగానే చప్పట్లు కొట్టేశారు. తొమ్మిదో రౌండులో కారు మెరుపులా ఎదుట నుంచి పోతుంటే, "మా ఆవిడే! మా ఆవిడే!" అని పక్కవాళ్ళ భుజాలు తట్టి మరీ చెప్పారు. ఆ ఆనందంలో అబద్ధం లేదు.

ఆవిడ హెల్మెట్ తీసి దిగగానే పదిమంది చుట్టూ మూగారు. ఇదే అదననుకుని మాస్టారు గొంతు సవరించుకున్నారు. రోజూ పళ్ళెం పట్టుకుని తాను పడిన శ్రమంతా నలుగురికీ తెలియాలి కదా.

అంతలో ఎర్రటోపీ ఆయన్ని గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. "సర్, ఖాళీ ట్రాక్ మీద ఇండికేటరు వేసినాయన మీరే కదూ? నా సర్వీసులో ఎవర్నీ అలా చూళ్ళేదు. ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

పదిమందీ మాస్టారి వైపు తిరిగారు. ఆయన బోర్డు వంక చూశారు, భార్య వంక చూశారు, తన బూట్ల వంక చూసుకున్నారు.

"మా ఆవిడది టైలరింగు షాపండీ," అన్నారు మెల్లగా. "నేను... గుండీలు కుడుతుంటాను."

"గుండీలా!" అంది టైలరమ్మ, చెమట తుడుచుకుంటూ. "అంతదాకా ఇంకా రాలేదండీ. ప్రస్తుతం సూదిలో దారం ఎక్కించడం నేర్చుకుంటున్నారు."