ఎటూ పోని మెట్లు

ఆ రోజు పొద్దున పార్కుల ఇంజనీరు అనుకున్న పని చాలా చిన్నది. దారిలో ఆగి కాసిని మెట్లు కొలుచుకుని ఆఫీసుకు వెళ్ళిపోవాలి, అంతే.

ఊరి మధ్య ఖాళీ స్థలంలో పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలు వచ్చి కూర్చునేలా ఒక చోటు కట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇదివరకు ఆయనగారు కట్టిన పార్కుకు ఆ వయసువాళ్ళు ఒక్కరూ రాలేదు. నవ్వుతున్న సిమెంటు తాబేలును పెట్టిస్తే, దాని మీద ముసలివాళ్ళు కూర్చుని మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. ఈసారి పిల్లల్నే అడిగి కట్టమన్నారు. ఇంట్లోనే ఒక పిల్ల ఉంది కనుక అడిగాడు.

"అమ్మలూ, మీ వయసువాళ్ళకి పార్కులో ఏముంటే బాగుంటుంది? బెంచీలా, ఊయలలా?"

"ఏమో నాన్నా. నన్నెందుకు అడుగుతావ్?"

ఏడాదిగా కూతురి దగ్గర ఆయనకు దొరుకుతున్నది ఆ 'ఏమో' ఒక్కటే. ఒకప్పుడు బడి నుంచి వస్తూనే సంచి విసిరేసి, చెప్పులైనా విప్పకుండా కబుర్లు మొదలుపెట్టిన పిల్ల. అది తలుచుకుంటే ఆయనకు నిజంగానే దుఃఖం వచ్చేది. తను కట్టిన చోటికైనా వస్తే చాలుననుకున్నాడు. ఆయన పట్టుదలలో ఉత్తర్వు పాలు తక్కువే.

సాయంత్రాలు ఆ పిల్ల నేస్తాలతో ఎక్కడ కూర్చుంటుందో భార్య చెప్పింది. పెయింట్ల షాపు పక్క సందులో ఎప్పుడో తలుపు మూసి గోడ కట్టేశారు, మెట్లు మాత్రం మిగిలిపోయాయి. ఎక్కితే అవి ఎటూ పోవు. అచ్చం అలాంటివే పార్కులో కట్టేద్దామని ఇంజనీరు టేపు పట్టుకుని వెళ్ళాడు. ఎత్తు, వెడల్పు, రోడ్డుకు ఎంత దూరమో అన్నీ కొలిచాడు. కూర్చుని కూడా చూశాడు. దారిన పోయేవాళ్ళు తనకు కనిపిస్తున్నారు, తాను వాళ్ళకు కనిపించడం లేదు. భేష్ అనుకున్నాడు.

మెడలో మున్సిపాలిటీ కార్డు వేలాడుతున్న సంగతి ఆయనకు గుర్తులేదు. షాపాయన కళ్ళు మాత్రం దాని మీదే ఉన్నాయి.

"సార్, మెట్లు సందులోకి ముందుకు వచ్చాయంటారా?"

"వచ్చాయండీ. వాటి అందమే అది," అన్నాడు ఇంజనీరు మనస్ఫూర్తిగా.

షాపాయనకు అందులో వెటకారం వినిపించింది. ఇంజనీరు మలుపు తిరగ్గానే సమ్మెట తెప్పించి మెట్లు కొట్టించేశాడు. ఆ చప్పుడు విని పక్కనున్న టైలరు తన అరుగు పగలగొట్టించాడు. అది చూసి ఎదుటి బేకరీవాడు గట్టు తవ్వించాడు. మధ్యాహ్నానికి ఆ వీధిలో మనిషి నడుం వాల్చే చోటు ఒక్కటీ మిగల్లేదు.

సాయంత్రం కూతురు ఎర్రబడ్డ కళ్ళతో వచ్చింది. "ఎవడో మున్సిపాలిటీవాడంటమ్మా, టేపుతో కొలిచి మా మెట్లు కొట్టించేశాడు! ఇంక మాకు కూర్చోడానికి చోటే లేదు," అంది తల్లితో. ఇంజనీరు పేపరు చాటుకు తప్పుకున్నాడు. ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు.

మర్నాడు షాపుకు పరుగెత్తాడు. "దయచేసి మెట్లు మళ్ళీ కట్టించండి!"

"నన్ను ఇరికించకండి సార్. పిల్లలుగలవాణ్ణి."

"నాకూ పిల్ల ఉందండీ, అందుకే అడుగుతున్నా!"

ఆ కంగారు చూసి షాపాయన మరీ హడలిపోయి, వీధిలోకి చాచుకున్న బోర్డు కూడా దింపించాడు. మిగతా కొట్లవాళ్ళూ దింపుకున్నారు.

ఆఫీసులో పై అధికారి లేచి మరీ చేయి కలిపాడు. "ఏళ్ళ తరబడి నోటీసులిచ్చినా కదలని వీధండీ అది! ఒక్క టేపుతో ఖాళీ చేయించారు. ఈ పార్కు పని అవగానే మిమ్మల్ని ఆక్రమణల తొలగింపు విభాగానికి మార్చేద్దామనుకుంటున్నాం."

పిల్లలకు చోటు కట్టాలనుకున్నవాడు, వాళ్ళకున్న చోటు ఊడగొట్టి మెప్పు పొందుతున్నాడు. ఇంజనీరుకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి వస్తూనే కూతురి గది ముందు నిలబడ్డాడు. "అమ్మలూ, ఆ టేపువాణ్ణి నేనే."

పిల్ల విసురుగా తలుపు తీసింది. మాటలు మొదలుపెట్టాక ఇక ఆపలేదు.

"కొలవడమెందుకు? అడగొచ్చుగా!"

"అడిగాను కదమ్మా..."

"బెంచీలా ఊయలలా అంటే ఏం చెప్తాం? బెంచీ మీద వరసగా కూర్చుంటే ఎవరి మొహం ఎవరికి కనిపిస్తుంది? మెట్లయితే ఒకళ్ళు పైన, ఒకళ్ళు కింద. వెనకాల గోడ ఉండాలి. లైటుండాలి, కానీ మా మొహాల మీద పడకూడదు. నవ్వితే ఎందుకు నవ్వారని ఎవరూ అడక్కూడదు. పైగా ఆ తాబేలొకటి! అది మా నాన్న పెట్టిందని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, తెలుసా?"

ఆయన గుమ్మంలోనే చతికిలబడ్డాడు. తిట్లే కావచ్చు, కూతురు నోటినిండా మాట్లాడుతోంది. ఎక్కడ ఆపేస్తుందోనని ఊ కొట్టడానికి కూడా భయపడ్డాడు. కళ్ళు మాత్రం తుడుచుకున్నాడు. చెప్పిచెప్పి అలిసిపోయి ఆ పిల్లే నేల మీద సుద్దతో గీసి చూపించింది.

"ఇలా కట్టు. కానీ ఒక షరతు."

"చెప్పు తల్లీ."

"మేం కూర్చునే వేళకి పెద్దవాళ్ళెవరూ అటు రాకూడదు. ముందు నువ్వు."

ఇంజనీరు అలాగే కట్టాడు, మాట మీదే నిలబడ్డాడు. సాయంత్రాలు చుట్టుదారి పట్టుకుని ఇల్లు చేరుతున్నాడు.

అక్కడ పిల్లలు చాలా బాగా మాట్లాడుకుంటారని ఆయన విన్నాడు.