సర్వేయరుగారి పెదవి

శనివారం ఉదయం సర్వేయరుగారు వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. స్నానాలగది తలుపు వేసుకుని పెదవి మీద ఒక చుక్క పెట్టుకోవాలి, అద్దం ముందు వింటినారికి బదులు ఒక తాడు పదిసార్లు లాగి చూసుకోవాలి, మర్నాడు విలువిద్య పోటీ ఫైనల్లో గెలిచి తొమ్మిదేళ్లుగా కలలోకి వస్తున్న కప్పు తెచ్చుకోవాలి. ఆ కప్పు ఇంట్లో ఎక్కడ దాచాలన్నదే ఇంకా తేలలేదు. మూడేళ్ల క్రితం పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకుకు బాణంతో చిల్లు పెట్టిన రోజున, ఇక జన్మలో విల్లు ముట్టనని ఆయన భార్యకు మాటిచ్చారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం నడకకని చెప్పి వెళుతున్నారు.

చుక్క సంగతి చెప్పాలి. వింటినారికి కిస్సర్ బటన్ అని చిన్న ప్లాస్టిక్ బిళ్ల కడతారు. నారి లాగినప్పుడల్లా అది పెదవి మీద ఒకే చోట తగిలితే చెయ్యీ ఒకే చోట ఆగుతుంది, బాణం ఒకే దారిన పోతుంది. పేరు విని లేనిపోనివి ఊహించుకోనక్కర్లేదు, అందులో అంతకుమించి సరసం లేదు. సర్వేయరుగారి బటన్ మాత్రం ఒకసారి పెదవి మూలకు, ఒకసారి గడ్డానికి తగిలేది.

"బటన్ బాగానే ఉంది సార్, కదిలేది మీ పెదవే. లాగేటప్పుడు నోరు మూసుకుంటే చాలు," అన్నాడు కోచ్. ఫైనల్లో ఎదురయ్యేది ఆసుపత్రి క్లబ్బు మనిషి అనీ, అతన్ని తమ క్లబ్బులో ఎవరూ చూడలేదు గానీ గురి మాత్రం గట్టిదని విన్నాననీ కూడా చెప్పాడు.

నోరు మూసుకోవడం ఎవరైనా చేస్తారు. ముప్పై ఏళ్లు హద్దురాళ్లకు నంబర్లు వేసిన మనిషికి గుర్తు పెట్టనిదే ఏ స్థలమూ స్థలంలా కనిపించదు. అందుకని రాళ్ల మీద రాసే నీలం పెన్ను ఆఫీసునుంచి తెచ్చుకున్నారు, ఎండకూ వానకూ చెరగనిది. చుక్క పెట్టారు. ఆరకముందే తాడు లాగారు. చుక్క గీతయింది. సబ్బుతో తోమితే ఆ గీత కింది పెదవంతా పాకింది.

బయటికి రాగానే భార్య చూసింది.

"పెదవి నీలంగా ఉందేమిటండీ?"

"చలికి," అన్నారు. పైన ఫ్యాను తిరుగుతోంది, కిటికీలోంచి ఎండ పేల్చేస్తోంది.

ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది. అతనికి మందుల షాపుంది కాబట్టి కుటుంబంలో సగం డాక్టరు కింద చెలామణీ అవుతున్నాడు. పెదవి నీలమైతే గుండె జబ్బేనని ఫోన్లోనే తేల్చి, అయిదు నిమిషాల్లో వాలి, నిర్ధారణ కోసం బావగారిని మూడంతస్తుల మెట్లు రెండుసార్లు ఎక్కించాడు.

"ఆయాసం కూడా ఉందక్కా," అన్నాడు విచారంగా.

యాభై అయిదేళ్ల మనిషికి అప్పుడు ఆయాసం రాకపోతేనే వింత. నిజం చెప్పేద్దామని సర్వేయరుగారు రెండుసార్లు నోరు తెరిచారు. చెబితే ట్యాంకు, మాట, మూడేళ్ల నడక అన్నీ వరసగా బయటికొస్తాయి. తెరిచిన నోరు మళ్లీ మూసేశారు. మాట పడిపోయిందనుకుని ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది. అది నిజమైన ఏడుపు. ఆయనకు సిగ్గేసింది, అయినా చెప్పలేదు.

ఆసుపత్రిలో గుండె డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. ఆవిడ పాత రిపోర్టుల కోసం సంచీ వెతుకుతుండగా, దూదిని స్పిరిట్లో ముంచి రోగి పెదవి తుడిచాడు. దూది నీలమైంది, పెదవి మామూలు రంగుకొచ్చింది. డాక్టరు దూదిని చూశాడు. రోగి కుడిచేతి మూడు వేళ్ల మీద నారి లాగి లాగి కాసిన కాయలూ చూశాడు. దూదిని బుట్టలో పడేశాడు.

"ఏం చేస్తుంటారు?"

"సర్వేయరునండీ."

"ఓహో, సర్వేయరుగారు మీరేనా," అన్నాడు డాక్టరు ఆప్యాయంగా. "మరి ఆదివారాలు?"

"నడకకి వెళతారండీ," అంది భార్య.

"రేపు మాత్రం వెళ్లకూడదు. మంచం దిగకూడదు. సోమవారం నుంచి ఏం చేసినా ఫర్వాలేదు."

అప్పుడు చూశారు సర్వేయరుగారు. డాక్టరు పెదవి మూల చిన్న గుండ్రటి నొక్కు ఉంది, సరిగ్గా బటన్ అంత. ఒక్క మాట అంటే ఆ పెద్దమనిషి పరువు పోతుంది, దాంతోపాటు తన ఇంట్లో శాంతీ పోతుంది. మందుచీటీ మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చారు.

ఆదివారం ఉదయం బావమరిది మంచం పక్కన కుర్చీ వేసుకుని గంటగంటకూ నాడి చూశాడు. అక్కడ మైదానంలో సర్వేయరుగారిని మూడుసార్లు పిలిచి, పలకకపోయేసరికి కప్పు ఎదుటివాడి చేతిలో పెట్టేశారు.

సోమవారం మళ్లీ చూపించుకోవడానికి వెళితే, డాక్టరు బల్ల మీద కప్పు మెరుస్తోంది. అందులో అప్పుడే పెన్నులు కూడా వేసుకున్నాడు. మందు పనిచేసిందనీ, పెదవి మళ్లీ నీలం కాకపోవడమే సాక్ష్యమనీ చెప్పాడు. ఆవిడ చేతులు జోడించి, ఆ కప్పు దేనికొచ్చిందని అడిగింది.

"విలువిద్యకమ్మా. గుండెకి అంత మంచి వ్యాయామం ఇంకోటి లేదు."

ఆవిడ భర్త వైపు తిరిగింది.

"విన్నారా? హాయిగా చేసుకుంటూ ఉండేవారు. ఎవరు మానెయ్యమన్నారండీ మిమ్మల్ని?"

సర్వేయరుగారి పెదవి, తొమ్మిదేళ్లలో మొదటిసారి, వెంట్రుకవాసి కూడా కదలలేదు.