మూఢం దాటాకే బిల్లు

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ వెబ్‌సైట్లు పెట్టుకున్నాయి. వాటి పేర్లను ఏటేటా రెన్యువల్ చేయించే ఆఫీసుకు ఏనుగు మేనేజరు. పాపం, చెడ్డది కాదు. కాకపోతే ముహూర్తం చూడనిదే ఫ్యాను స్విచ్ కూడా వేయదు.

ఆ ఏడు శుక్రమూఢం వచ్చింది. ఏనుగు పంచాంగం తిరగేసి గుమాస్తా తాబేలును పిలిచింది.

"మూఢంలో బిల్లులేంటయ్యా, అరిష్టం! సాఫ్ట్‌వేర్‌లో అందరి తేదీలూ మూఢం దాటాక పెట్టెయ్. మన ఆఫీసుది కూడా."

"పెడతానండీ. కానీ అది మనం బిల్లు పంపే తేదీ. పేరు గడువు తీరే తేదీ కొండవతల పెద్దాఫీసులో ఉంటుంది. వాళ్ళకి మూఢాలూ గీఢాలూ..."

"నాకే చెబుతావా? స్క్రీన్ మీద మారితే మారినట్టే!"

తాబేలుకి ఇంకా నలభై ఏళ్ళ సర్వీసుంది. తల లోపలికి లాక్కుని తేదీలన్నీ మార్చేసింది.

మూడు వారాలకి తేనె అమ్ముకునే ఎలుగమ్మ పరుగున వచ్చింది. దానికి ఆర్డర్లన్నీ వెబ్‌సైటు పేరు మీదే వస్తాయి. ఆ పేరు పోతే పిల్లలు పస్తే.

"బాబ్బాబు, రేపటితో నా పేరు గడువైపోతోందట. డబ్బు తెచ్చాను, తీసుకోండి."

"మూఢంలో తీసుకోకూడదమ్మా. మా కంప్యూటర్లో నీకింకా నలభై రోజుల గడువుంది. హాయిగా ఇంటికెళ్ళి పడుకో," అంది ఏనుగు.

గుమ్మం దగ్గర తాబేలు తల బయటపెట్టి గొంతు తగ్గించింది. "పడుకోకమ్మా. తిన్నగా కొండ దాటి పెద్దాఫీసుకి వెళ్ళు."

ఎలుగమ్మ ఏనుగును తిట్టుకుంటూనే కొండ దాటింది. గడువు రోజు మంగళవారం, సరిగ్గా రాహుకాలంలో పెద్దాఫీసు కిటికీ దగ్గర డబ్బు కట్టి, అమ్మయ్య అనుకుంది.

కిటికీలోని ముళ్ళపంది, "ఇంకో పేరు ఇవాళే గడువు తీరి ఖాళీ అయింది. చవకే, కావాలా?" అంది.

చూస్తే అది ఏనుగు ఆఫీసు పేరు! ఎలుగమ్మ అక్కడికక్కడే కొనేసింది.

మర్నాడు ఆఫీసు వెబ్‌సైటు తెరిచినవాళ్ళందరికీ తేనె సీసాలు కనిపించాయి. ఏనుగు రొప్పుకుంటూ ఎలుగమ్మ గుహకి వచ్చింది.

"తల్లీ, మా పేరు మాకిచ్చెయ్! పరువు పోతోంది!"

"ఇస్తానండీ. గడువుకి ముందు ఎవరు ఎప్పుడు డబ్బు తెచ్చినా తీసుకుంటామని ఈ కాగితం మీద సంతకం పెట్టండి. కాకపోతే ఇవాళ అమావాస్య, పైగా వర్జ్యం నడుస్తోంది..."

"వర్జ్యం సంగతి తర్వాత, ముందు పెన్నిలా ఇవ్వు తల్లీ!" అంది ఏనుగు.

నీతి: మంచిరోజు చూడాల్సింది ఎదుటివాళ్ళ పనికే, మన పేరు మీదికొస్తే అన్నీ మంచిరోజులే.